మా కొరడాల కొట్టు

కిందటి నెల మన సంఘం వారి వనభోజనాలలో పులిహోర వడ్డిస్తూ సంపాదకుల వారు మమ్మల్ని పట్టుకున్నారు. "మీరు ఇంట్లో కొరడాలు చేసి అమ్ముతున్నారటగా! మన పత్రికకి నాలుగు పేజీలు రాసివ్వండి. ఇక్కడ చిన్న వ్యాపారం ఏదైనా మొదలుపెడదామనుకునే వాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పెద్దాయన ఒకరు, "డాక్టరు చేతిలో స్టెతస్కోపు ఉండాలి గాని చెర్నాకోల ఏమిటోయ్, మందులు మింగని వాళ్ళని అదిలించడానికా?" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. తీరా కారులో ఇంటికి వస్తూ, ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదేమో అనుకున్నాము. అందుకే ఈ నాలుగు పేజీలు.

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో "మేము" అంటే మా దంపతులం. ఒకరు గుంటూరు వైద్య కళాశాలలో చదివి ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్న డాక్టరు. రెండోవారు అదే జిల్లాలో బీకాం చదివి ఇంటి పద్దులు చూసుకునే శ్రీమతి. కలం పట్టింది డాక్టరే అయినా, శ్రీమతి కొట్టేసినవి కొట్టేయగా మిగిలినది ఇది.

డాక్టరు తాతగారి ఊరు పల్నాడు వైపు. 1990 దశకం చివరి నాటికి ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చేశాయి గాని, తాతగారు మాత్రం ఒక జత ఒంగోలు ఎడ్లని వదులుకోలేదు. ఎడ్లున్నాక బండి, బండి ఉన్నాక చెర్నాకోల ఉండాలి కదా. ఊరి చివర మాదిగవాడలో ఒక ముసలాయన చెర్నాకోలలు అల్లేవాడు. తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును పెట్టిన తోలు ఆయన దగ్గర ఉండేది. గుండ్రటి తోలు ముక్కని అంచు వెంబడి కోసుకుంటూ పోతే, జిలేబీ చుట్ట విప్పినట్టుగా బారల కొద్దీ సన్నటి వారు వచ్చేది. దాన్ని తడిపి, నాలుగు పాయలుగా పట్టుకుని, మొదలు లావుగా, పోను పోను సన్నంగా అల్లుకుంటూ పోయేవాడు. వేసవి సెలవల్లో డాక్టరు ఆ వాకిట్లో చేరి గంటల తరబడి చూసేవాడు. చూడగా చూడగా ముసలాయన ఒకనాడు నాలుగు పాయలూ చేతికిచ్చి, "లాగి బిగించండి చిన్నయ్యగారూ. బిగువు లేనిది అల్లికే కాదు" అన్నాడు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ దొడ్డి గుమ్మం దగ్గరే నిలబెట్టి రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి గాని లోపలికి రానిచ్చేది కాదు. అరవై ఏళ్ళు దాటిన ఆ మనిషిని ఎనిమిదేళ్ళ డాక్టరు పేరు పెట్టి "ఏరా" అని పిలిచేవాడు. ఆయన "చిన్నయ్యగారూ" అనేవాడు. అందులో వింతేమీ ఉన్నట్టు అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఆ తరవాత ఇరవై ఏళ్ళు ఎంసెట్టు, ఎంబీబీఎస్సు, అమెరికా పరీక్షలు, రెసిడెన్సీ ఇంటర్వ్యూలు. చేతులకి అల్లిక గుర్తున్న సంగతి డాక్టరుకి తెలియనే తెలియదు. 2020 ఏప్రిల్‌లో తెలిసింది. అప్పుడు రెసిడెన్సీ రెండో ఏడు. కోవిడ్ వార్డులో పని చేసి వచ్చి, శ్రీమతికీ ఏడాదిన్నర బాబుకీ ఎక్కడ అంటుతుందోనని అద్దె ఇంటి బేస్‌మెంటులో విడిగా పడుకునేవాడు. నిద్ర పట్టేది కాదు. అక్కడ ఇంటి యజమాని వదిలేసిన నైలాన్ తాడు చుట్ట ఒకటి కనిపించింది. పారాచూట్లకి వాడే రకం తాడు అది. ఆ రాత్రి దాన్ని నాలుగు పాయలు చేసి అల్లడం మొదలుపెడితే తెల్లవారుజామున కన్ను అంటుకుంది. రోజుకో మూరెడు చొప్పున ఆ నెలంతా సాగింది. మెట్ల మీదినుంచి శ్రీమతి భోజనం పళ్ళెం కిందపెట్టి, "ఏం చేస్తున్నారు?" అని అడిగితే, "చెర్నాకోల" అని జవాబు. "మతి పోయిందా?" అని శ్రీమతి. అదీ మా పరిశ్రమకి శంకుస్థాపన.

నాలుగు పాయలు దాటి ఎనిమిదికి వెళ్ళేసరికి డాక్టరు చిక్కు పడిపోయాడు. విడిగా ఉండటం ముగిశాక శ్రీమతి ఆ చిక్కుముడిని చేతిలోకి తీసుకుని చూసి, "ఇది జడే కదా!" అంది. పెళ్ళిళ్ళలో పూలజడలు వేసిన చెయ్యి ఆవిడది. అరగంటలో చిక్కు విప్పి, ఏ పాయ దేని కిందనుంచి వెళ్ళి దేని మీదకి రావాలో పలక మీద గీసి చూపించింది. ఆ రోజునుంచి ఇంట్లో ఇద్దరు అల్లేవాళ్ళయ్యారు. ఇద్దరిలో ఎవరు బాగా అల్లుతారని అడిగేవారికి ఈ వ్యాసం శ్రీమతి దిద్దినదని మళ్ళీ మనవి చేస్తున్నాము.

కొరడా చూడటానికి తాడులా ఉంటుంది గాని, లోపల చాలా కథ ఉంది. నైలాన్ కొరడాకి నడిమధ్య సన్న గుళ్ళు నింపిన గొట్టంలాంటి తాడు ఉంటుంది, బరువు కోసం. దాని మీద ఒక అల్లిక, ఆ మీద ఇంకొక అల్లిక, పై అల్లిక పన్నెండు పాయలో పదహారు పాయలో. కిందికి పోను పోను పాయలు ఒక్కొక్కటే లోపలికి తప్పించుకుంటూ సన్నం చేయాలి. చివర ఒంటి వారు, దాని చివర పీచు కుచ్చు. అంతా అయ్యాక కరిగించిన మైనంలో ముంచి తీయాలి. తోలుతో చేసే వాళ్ళలో పేరు గడించిన వారు ఆస్ట్రేలియా కంగారూ తోలు వాడతారు, అది పల్చన, గట్టి. 1981లో వచ్చిన "రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్" సినిమాలో హీరో చేతి కొరడాలు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే డేవిడ్ మోర్గాన్ అల్లినవి. ఆయన 1972లోనే కొరడాలు అల్లడం మీద ఒక పుస్తకం రాశాడు. మేము మాత్రం నైలాన్‌తోనూ, ఎప్పుడైనా ఆవు తోలుతోనూ సరిపెట్టుకున్నాము. కాలిఫోర్నియాలో 2016 నుంచి కంగారూ తోలు సరుకు అమ్మకం చట్టవిరుద్ధం. చిన్న వ్యాపారానికి పెద్ద చిక్కులు దేనికి?

ఇక ఆ చప్పుడు. కొరడా ఛెళ్ళుమనేది అది దేనికో తగిలినందువల్ల కాదు. మొదట్లో లావుగా, చివర సన్నగా ఉండటంవల్ల, చేతితో ఇచ్చిన ఊపు ఉంగరంలా చుట్టుకుని చివరికి పరుగెడుతున్న కొద్దీ వేగం పెరిగి, శబ్ద వేగాన్ని మించిపోతుంది. అంటే సెకనుకి సుమారు 340 మీటర్లు పైమాటే. విమానాలు ధ్వని వేగం దాటినప్పుడు వచ్చే చప్పుడే చిన్న ఎత్తున మన పెరట్లో వినిపిస్తుందన్నమాట. 1958లోనే వేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో దీన్ని పరిశీలించారు. 2002లో అరిజోనా విశ్వవిద్యాలయంలో గొరైలీ, మెక్మిలన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ ఉంగరం లెక్క తేల్చారు. మంచి బండివాడి చెర్నాకోల దెబ్బ గాలికే తగులుతుంది, ఎద్దుకి కాదు. చప్పుడు వింటే చాలు, ఎద్దు నడుస్తుంది.

2021లో రెసిడెన్సీ ముగిసింది. డాక్టర్లు చాలని ప్రాంతాలలో 3 ఏళ్ళు పని చేస్తామంటే స్వదేశానికి తిరిగి వెళ్ళనక్కరలేదనే సదుపాయం 1994 నుంచి ఉన్నది మీలో చాలామందికి తెలిసినదే. ఆ విధంగా మేము పశ్చిమ మాసచూసెట్స్‌లో వచ్చిపడ్డాము. వచ్చిన మొదటి నెలలో వెస్ట్‌ఫీల్డ్ అనే ఊరి మీదుగా వెళుతూ "విప్ సిటీ" అన్న బోర్డులు చూసి నోళ్ళు వెళ్ళబెట్టాము. ఆ ఊరికి "కొరడాల పట్నం" అని పేరు! పందొమ్మిదో శతాబ్దంలో గుర్రబ్బగ్గీలు నడిచిన కాలంలో ఆ ఒక్క ఊళ్ళో డజన్ల కొద్దీ కొరడాల కార్ఖానాలుండేవి. 1884లో పెట్టిన వెస్ట్‌ఫీల్డ్ విప్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ మిగతావన్నీ పోయాక కూడా చాలా కాలం నిలిచింది. ఇప్పటి మునిసిపాలిటీ వారి ఇంటర్నెట్ సర్వీసు పేరు కూడా "విప్ సిటీ ఫైబర్". పొరుగునే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ వీధుల్లో 1893 సెప్టెంబరులో డ్యూరియా సోదరులు తమ పెట్రోలు మోటారు బండిని నడిపి చూశారు. కొరడాల పట్నానికి యముడు అంత దగ్గరలోనే పుట్టాడు. బగ్గీ కొరడాల వ్యాపారం ఎలా అంతరించిందో 1960లో థియొడోర్ లెవిట్ "హార్వర్డ్ బిజినెస్ రివ్యూ"లో ఉదాహరణగా రాస్తే, అది వ్యాపార విద్యార్థులందరికీ పాఠమైంది. శ్రీమతి ఆ వ్యాసం చదివి, "ప్రపంచం అంతా మూసేసిన వ్యాపారం మనం తెరుస్తున్నామా?" అంది.

తెరిచినది మేము కాదు, కొనేవాళ్ళు. ముందు డాక్టరు తోటి ఉద్యోగి ఒకాయనకి, గుర్రాలున్న మనిషి, ఒక కొరడా ఊరికే ఇచ్చాము. ఆయన స్నేహితుడు డబ్బిస్తానన్నాడు. ఫ్లోరిడాలో పశువుల మందలు తోలేవారు నైలాన్ కొరడాలే ఇష్టపడతారని తెలిసింది. సినిమా హీరోలా వేషం కట్టేవారు, సర్కసు విద్యలు నేర్చుకునేవారు, చప్పుడు సరదా కోసం పెరట్లో ఆడించేవారు ఉన్నారు. ఇంకొక ఊరి తెలుగు మిత్రులు బోనాల పండగలో పోతురాజు వేషానికి ఒకటి కావాలన్నారు. దానికి మేము డబ్బు పుచ్చుకోలేదు. కొందరు రాసే ఉత్తరాలు మాత్రం ఈ పత్రికలో ప్రస్తావించ తగినవి కావు. వాటిని శ్రీమతి చదవకుండానే చించేస్తుంది, చదవకుండా ఎలా తెలుస్తుందని మాత్రం అడగవద్దు.

సరదాని వ్యాపారం చేయాలనుకునే ప్రవాసులు ముందుగా తెలుసుకోవలసినది ఒకటుంది. హెచ్-1బి మీద ఉన్నవారు తమకి వీసా తెచ్చిన యజమాని దగ్గర తప్ప ఇంకెక్కడా పని చేయరాదు. సొంత కొట్టులో కూడా. వకీలుని అడిగితే ఆయన, "డాక్టరు తన సంతోషానికి అల్లుకోవచ్చు, ఎవరికైనా బహుమతిగా ఇవ్వవచ్చు. అమ్మే సరుకు మీద మాత్రం, జీతం లేకుండానైనా సరే, చెయ్యి వేయకుండా ఉండటం మంచిది" అని తేల్చిచెప్పాడు. గ్రీన్‌కార్డు దారిలో మొదటి అర్జీ, అంటే ఐ-140, ఆమోదం పొందిన వారి భార్యకో భర్తకో 2015 మే 26 నుంచి పని అనుమతి పత్రం పొందే వీలు కలిగింది. దాని మీద సొంత వ్యాపారం చేసుకోవచ్చు. మా అర్జీ ఆమోదం అయింది గనక, 2023లో శ్రీమతి చేతికి ఆ పత్రం వచ్చింది. అంటే, చిన్నప్పుడే నేర్చినవాడు అమ్మకూడదు, నిన్న నేర్చిన ఆవిడ అమ్మవచ్చు! ఆనాటినుంచి మా ఇంట్లో రెండు బల్లలు. ఒక దాని మీద శ్రీమతి అల్లేవి వ్యాపారానికి. రెండోదాని మీద డాక్టరు అల్లేవి గోడకి.

కంపెనీగా నమోదు చేద్దామా అనుకున్నాము. మాసచూసెట్స్‌లో ఎల్‌ఎల్‌సీ పెట్టడానికి 500 డాలర్లు, ఆపైన ఏటేటా మళ్ళీ 500. ఆ సొమ్ము తిరిగి రావాలంటే ఎన్ని కొరడాలు అల్లాలో లెక్క వేసి శ్రీమతి ఆ కాగితాలు పక్కన పెట్టింది. ఊరి క్లర్కు ఆఫీసులో వ్యాపార పత్రం తీసుకుంటే చాలింది, అది 4 ఏళ్ళకోసారి తిరగరాయించుకోవాలి. రాష్ట్రంలో అమ్మినవాటికి 6.25 శాతం అమ్మకపు పన్ను కట్టాలి. ఏడాది నికరాదాయం 400 డాలర్లు చేరితే సొంత వృత్తి పన్ను 15.3 శాతం లెక్కన మొదలవుతుంది. ఇది సరదాయా వ్యాపారమా అని పన్నులవారు అడిగే అవకాశం ఉంది. 5 ఏళ్ళలో 3 ఏళ్ళు లాభం చూపిస్తే వ్యాపారమే అని అనుకుంటారు. సరదా అయితే వచ్చిన ఆదాయానికి పన్ను ఉంటుంది గాని, 2018 నుంచి ఖర్చులు తగ్గించుకునే వీలు లేదు. కాబట్టి మొదటి రోజునుంచే రశీదులు దాచుకోండి. మరొకటి, బీమా. కొరడా సరిగా ఆడించడం రాని వాడికి మొదట తగిలేది సొంత చెవికే.

మొదటి ఏడాది చివర శ్రీమతి పద్దు పుస్తకం తెరిచింది. ఎనిమిది అడుగుల కొరడా ఒకటి అల్లడానికి 16 గంటలు. సరుకు, పెట్టె, పోస్టు ఖర్చు, అమ్మిపెట్టిన వారి కమీషను అన్నీ పోను 150 డాలర్ల కొరడా మీద మిగిలినది 90. గంటకి 6 డాలర్లు కూడా లేదు. ఈ రాష్ట్రంలో 2023 నుంచి కనీస కూలి గంటకి 15. "మన దగ్గర ఇంకొకరు పని చేసుంటే మనల్ని జైల్లో పెట్టేవాళ్ళు" అంది. అప్పుడు డాక్టరుకి ఉన్నట్టుండి ముసలాయన గుర్తుకొచ్చాడు. ఆయన గంటకెంత? చెర్నాకోలకి విడిగా డబ్బులిచ్చినట్టు గుర్తు లేదు. పంట నూర్చాక కల్లంలో మేర కింద కొలిచే గింజలే. చెప్పులు, చెర్నాకోల, చచ్చిన గొడ్డుని ఈడ్చుకుపోవడం అన్నిటికీ కలిపి అదే. కొలిచేటప్పుడు తాతగారు కుంచం అంచుని చేత్తో సరిచేసేవారు. ఎక్కువ పోకుండా.

ఇంతలో ఆసుపత్రిలో ఒక సంగతి జరిగింది. గుర్రాల మిత్రుడి పుట్టినరోజుకని డాక్టరు తను అల్లిన తోలు కొరడా ఒకటి పట్టుకెళ్ళి, నర్సుల విశ్రాంతి గదిలో బల్ల మీద పెట్టాడు. అందరూ చేతిలోకి తీసుకుని మెచ్చుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళనుంచి అక్కడ పని చేస్తున్న పెద్ద నర్సు, నల్లజాతి ఆవిడ, కాఫీ గిన్నెతో లోపలికి వచ్చి, బల్ల వైపు చూసి ఆగిపోయింది. కొరడా ముట్టుకోలేదు. "నువ్వే చేశావా?" అంది. అవునన్నాడు. "పనితనం కనిపిస్తోంది. మీ దేశంలో వీటిని మనుషుల మీద కూడా వాడేవాళ్ళా?"

డాక్టరు వెంటనే, "అబ్బే, లేదండీ. ఎడ్ల బండికి మాత్రమే" అన్నాడు. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది.

అది అబద్ధం. ఆ రాత్రి ఇంటికి వచ్చి శ్రీమతితో చెప్పేదాకా డాక్టరు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తాతగారి పాలేరు కుర్రాడు ఒకడుండేవాడు, అప్పటి డాక్టరు వయసువాడే. ఒక మధ్యాహ్నం ఎడ్లని విడిచి నిద్రపోతే, అవి మిరప చేలో పడ్డాయి. తాతగారు బండిమీద చెర్నాకోల తీశారు. మూడు దెబ్బలు. ఆ చప్పుడు గాలిలో ఛెళ్ళుమనే చప్పుడులా లేదు, మెత్తగా ఉంది. డాక్టరు అరుగు మీద కూచుని చూశాడు. ఆ చెర్నాకోల అల్లడంలో కొస వైపు జానెడు తను చేసినదే. అంతవరకు దాన్ని అందరికీ చూపించి మురిసిపోయినవాడు ఆ తరవాత చూపించలేదు. మాదిగవాడకి వెళ్ళడం ఆ వేసవితోనే మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు, నాయనమ్మ మాత్రం సంతోషించింది.

శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా ఇంట్లోనూ ఉండేది, గోడ మేకుకి. దేనికి అని నేను ఎప్పుడూ అడగలేదు" అంది.

ఈ దేశంలో బడిపిల్లలకి కూడా ఒక ఫొటో తెలుసు. 1863లో లూజియానాలో బానిసత్వంనుంచి తప్పించుకుని బేటన్ రూజ్‌లో సైనికుల శిబిరం చేరిన ఒక మనిషి వీపు ఫొటో, కొరడా దెబ్బల మచ్చలతో. ఆ సంవత్సరం జూలై 4న "హార్పర్స్ వీక్లీ" దాని బొమ్మని అచ్చువేసింది. మేము ఈ దేశానికి వచ్చిన కొత్తలోనే అది చూశాము, అయ్యో అనుకున్నాము. అది వాళ్ళ చరిత్ర, మనది కాదు అనుకున్నాము. మూడు దెబ్బలు తిన్న కుర్రవాడి వీపు మాత్రం ఎవరూ ఫొటో తీయలేదు.

వారం తరవాత రాత్రి డ్యూటీలో డాక్టరు ఆ నర్సు దగ్గరకి వెళ్ళి, "ఆ రోజు మీరు అడిగినదానికి నేను నిజం చెప్పలేదు. వాడేవాళ్ళు. మా తాతగారే వాడారు, నేను చూశాను" అన్నాడు. ఆవిడ కంప్యూటరు మీదనుంచి కళ్ళు తిప్పి ఒక్క క్షణం చూసి, "అనుకున్నాను" అంది. అంతే. ఆ తరవాత ఆరో గదిలో రోగికి పొటాషియం తక్కువగా వచ్చిందని చెప్పింది.

ఇక్కడితో మానేద్దామా అని మేమిద్దరం అనుకున్న మాట నిజం. మానేసేముందు ముసలాయనకి రుణం తీర్చాలనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో వాకబు చేస్తే మనవడి ఫోను నంబరు దొరికింది. అతను పాలిటెక్నిక్ చదివి విద్యుత్తు శాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. డాక్టరు ఫోను చేసి, "బాగున్నారా అండీ, మీరు నన్ను ఎరగరు" అని మొదలుపెట్టాడు. ఆ ఇంటినుంచి ఆ ఇంటికి "మీరు" అన్న మాట వెళ్ళడం బహుశః అదే మొదటిసారి. తాత దగ్గర నేర్చుకున్నదీ, ఇక్కడ అమ్ముతున్నదీ అంతా చెప్పి, ప్రతి కొరడా మీద కొంత సొమ్ము పంపుతామన్నాడు. శ్రీమతి రాసిన చీటీ కూడా చదివి వినిపించాడు. కొరడా పెట్టెలో వేసే చీటీ అది. ఆంధ్రదేశపు గ్రామంలో తరతరాలుగా వస్తున్న హస్తకళ అనీ, ఒక వృద్ధ కళాకారుడు చెట్టు నీడన కూచుని చిన్నవాడికి ఆప్యాయంగా నేర్పాడనీ అందులో ఉంది. ఆ చీటీ బాగుందని కొన్నవాళ్ళు ఉత్తరాలు కూడా రాశారు.

అవతలి మనిషి ఓపికగా విన్నాడు. "డాక్టరు గారూ, మీరు ఫోను చేసినందుకు సంతోషం. డబ్బులు వద్దండి. మా తాత ఆ తోళ్ళ కంపులోనే పోయాడు. ఆ పని మా నాన్నకి రాకుండా చూశాడు. మా నాన్న నాకు రాకుండా చూశాడు. మీరేమో దాన్ని హాబీ అంటున్నారు. చేసుకోండి, తప్పు లేదు. ఆ చీటీ మాత్రం తీసెయ్యండి. చెట్టు నీడ కాదది. మమ్మల్ని మీ వాకిట్లోకి రానివ్వలేదు గనక చెట్టు కింద ఉన్నాడు" అన్నాడు. మాటల్లో కోపం లేదు. కరెంటు బిల్లు తప్పుగా వచ్చిందని చెప్పేవాడిలా చెప్పాడు.

ఆ రాత్రి అచ్చు వేయించిన 200 చీటీలూ శ్రీమతి చెత్తబుట్టలో వేసింది.

మానలేదు. మానేస్తే మేము మంచివాళ్ళమైపోయినట్టు మాకే అనిపిస్తుందేమో, అది ఇంకొక చీటీ అవుతుందని శ్రీమతి అంది. కొట్టు నడుస్తోంది గాని కొన్ని మారాయి. ధర గంటల లెక్కన కట్టాము. ఎనిమిది అడుగుల కొరడా 150 నుంచి 320 అయింది. కొనేవాళ్ళు సగానికి పైగా తగ్గారు. ఉన్నవాళ్ళు చాలు, గంటకి 15 డాలర్లు పడుతోంది. కొత్త చీటీలో నాలుగు వాక్యాలే ఉన్నాయి: ఏ తాడుతో చేసింది, ఎన్ని గంటలు పట్టింది, ఎలా మైనం పట్టించాలి, ఏ మనిషి మీదా, ఏ జంతువు మీదా వెయ్యకండి. సంతకం శ్రీమతిది. డబ్బు వద్దన్న కుటుంబానికి బలవంతాన పంపలేదు. పుణ్యం కొనుక్కోవడం కూడా ఒక బేరమే కదా. పాలేరు కుర్రాడి కోసం కూడా వాకబు చేస్తున్నాము. హైదరాబాదు వైపు వెళ్ళాడని అన్నారు. ఇంతవరకు ఆచూకీ దొరకలేదు. దొరికితే ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు.

సంపాదకుల వారు అడిగింది వ్యాపార సలహాలు. పైన వీసా, పన్ను, పద్దు సంగతులు చెప్పాము. అవి పాటిస్తే ఊరగాయలకైనా, బొమ్మలకైనా, చీరల కుట్టుకైనా వర్తిస్తాయి. ఇంకొక్కటి కలుపుకోండి. మన ఊరి పనితనం ఏదైనా ఇక్కడ వెల కట్టి అమ్మేముందు, అక్కడ ఆ పని చేసినవారికి ఎంత ముట్టిందో, వాళ్ళ పిల్లలు ఆ పని ఎందుకు మానారో ఒక్కసారి అడిగి చూడండి. చీటీ ఆ తరవాత రాసుకోవచ్చు.

మా బాబుకి ఇప్పుడు ఏడేళ్ళు. రెండు బల్లల మధ్య స్టూలు వేసుకుని నాలుగు పాయలు అల్లుతున్నాడు. మొన్న, "ఇది నీకు ఎవరు నేర్పారు నాన్నా?" అని అడిగాడు. డాక్టరు ఆ పేరు చెప్పాడు. చివర "గారు" చేర్చి చెప్పాడు. నాలుకకి అలవాటు లేక ఒకసారి తడబడింది, రెండోసారి సరిగా వచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళ ఇష్టం అది. బాబు ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుని, "మరి ఆయనకి ఎవరు నేర్పారు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ఇక సెలవు. వచ్చే వనభోజనాలకి కొరడా తీసుకురమ్మని పిల్లలు అడుగుతున్నారు. తెస్తాము, చప్పుడు వినిపిస్తాము. పెద్దలు మాత్రం పది అడుగులు ఎడంగా నిలబడవలసిందిగా ప్రార్థన.